డబుల్ బేస్ పక్కన పియానో

డబుల్ బేస్ వాయించి బతికానని చెబితే ఖరగ్‌పూర్‌లో మనవాళ్ళు ఇప్పటికీ అడిగేది ఒకటే. "అది సరేలే, ఉద్యోగం ఏటి సేసినావు?" అదే ఉద్యోగమంటే నమ్మరు. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. బాబాయిలిద్దరూ రైల్వేనే. ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టర్ల వరసలో ఉద్యోగమంటే సైరన్ మోగితే వెళ్ళేది, సైరన్ మోగితే తిరిగొచ్చేది. మనిషికన్నా ఎత్తున్న వయొలిన్ లాంటి కర్రపెట్టెను ఒంటికి ఆనించుకుని విల్లుతో లాగడం ఎవరి కంటికి ఉద్యోగంలా ఆనుతుంది?

మా చర్చిలో ఇప్పుడు నలుగురు కుర్రకారు తీగవాయిద్యాలు నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి బేస్ పట్టింది. మీ అనుభవాలు రాసిపెట్టండి తాతగారూ అని అడిగారు. నేను వాయించిన హాళ్ళ పేర్లూ కప్పించుకున్న శాలువాలూ రాయను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పని ఎలాంటిదో, అందులో ఎక్కడ చెడ్డానో రాస్తాను. దయచేసి చివరిదాకా చదవండి. నేను చెప్పాల్సిన అసలు సంగతి మొదట్లోనే రాసే ధైర్యం నాకు లేదు.

లోబో సార్ నేర్పింది

రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు డాన్సు బ్యాండు ఉండేది. నేను కాలేజీకి వచ్చేనాటికి బ్యాండు పోయి, లోబో సార్ ఒక్కరూ మిగిలారు. ఆయన గూడ్సు గార్డుగా చేసి రిటైరైన గోవా మనిషి. స్టోర్‌రూములో విరిగిన క్యారమ్ బోర్డుల వెనక ఒక బేస్ గోడకి చేరబడి ఉండేది. దాన్ని తుడిచి, పగిలినచోట జిగురు పెట్టి, నాకు అప్పగించారు.

నెలరోజుల పాటు ఎడమచేతిని తీగల మీద పెట్టనివ్వలేదు. కుడిచేత్తో విల్లు లాగడమే, ఒక్కో తీగా ఒక్కోసారి. విసుగొచ్చి మొహం మాడ్చుకుంటే, "నిమ్‌పురా యార్డులో షంటింగ్ చూశావా? వ్యాగన్‌ని తోసి వదిలేస్తారు. అదెక్కడ ఆగాలో తోసినప్పుడే తెలియాలి. విల్లు కూడా అంతే" అనేవారు. ఈ మాటలో ఎంత నిజముందో తెలియడానికి నాకు పదేళ్ళు పట్టింది. మీరు పదేళ్ళు ఆగక్కర్లేదు. విల్లు కదలకముందే ఆ స్వరం చివర మీకు వినిపించాలి.

ఇంకో మాట కూడా అనేవారు. "బేస్ వాడికి పొగరు పనికిరాదు. నీ పక్కన పియానో లేకపోతే నువ్వు తుమ్మెదవి, రొదే తప్ప పాట ఉండదు." అది మాత్రం నేను విని వదిలేశాను.

సువార్త

సువార్త నా చెల్లెలు. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. కాన్వెంటులో ఒక సిస్టరు దగ్గర పియానో నేర్చుకుంది. మా ఇంట్లో పియానో పెట్టే చోటూ లేదు, కొనే మాటా లేదు. సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌లో లోబో సార్ తాళం తీస్తే అక్కడి పాత పియానో మీద వాయించేది. సగం రీడ్లు వానాకాలంలో ఉబ్బి పైకి లేచేవి కావు. ఆ రీడ్లు రాకుండా వేళ్ళు మార్చుకుని వాయించడం అలవాటు చేసుకుంది.

బేస్ సోలో వాయించేవాడి పక్కన కూర్చోవడం పియానో వాళ్ళకి శిక్ష. మా గొంతు కింద ఉంటుంది, పియానో ఎడమచేయీ అక్కడే ఉంటుంది. ఇద్దరూ ఒకే గదిలో కొట్టుకున్నట్టే. సువార్త ఎడమచెయ్యి తేలిక చేసేది. పెడల్ చాలా తక్కువ తొక్కేది. నా స్వరం మొదలయ్యేచోట తను ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చేది, నాది ముందు వినపడాలని. నేను ఒకసారి అడిగాను, నేనెప్పుడు మొదలుపెడతానో నీకెలా తెలుస్తుందని.

"నువ్వు విల్లు కదిపే ముందు ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తావు అన్నియ్యా. పొయ్యి ఊదినట్టు ఇనిపిస్తాది. ఆ గాలిని బట్టి వస్తాను నాను."

"మరి నేను నీకేసి చూడక్కర్లేదా?"

"నువ్వు నాకేసి ఎప్పుడు సూసినావు గనక" అని నవ్వింది.

నిజమే. నేను ముందుకి తిరిగి నిలబడేవాణ్ణి, తను నా వీపు చూస్తూ వాయించేది. ఆ నాలుగైదేళ్ళలో నేను వాయించినంత బాగా తర్వాత ఎప్పుడూ వాయించలేదు. ఈ సంగతి పొగడ్త కోసం రాయడం లేదు.

రెండు రకాల కాగితాలు

ఇక్కడ వృత్తికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. ఆర్కెస్ట్రాలో వెనక వరసలో నిలబడి వాయించేటప్పుడు బేస్ తీగలు మామూలు శ్రుతిలో ఉంటాయి. సోలోకి ముందుకొచ్చినప్పుడు సన్నటి తీగలు వేసి, నాలుగింటినీ ఒక స్వరం పైకి బిగిస్తాం. అప్పుడు గొంతు విప్పుకుని హాలు చివరిదాకా వెళుతుంది. నా ముందున్న స్వరాల కాగితం అదే, నా వేళ్ళు పడే చోట్లూ అవే, వినపడేది మాత్రం ఒక స్వరం పైన. అందుకని పియానో వాళ్ళకి ఒకే సంగీతాన్ని రెండు రకాలుగా అచ్చువేస్తారు. మామూలు శ్రుతికి ఒకటి, పై శ్రుతికి ఒకటి. అట్ట ఒకటే, రంగు ఒకటే. పేరు కింద చీమల్లాంటి అక్షరాల్లో తేడా ఉంటుంది.

మా ఇంట్లో రెండూ ఉండేవి. సన్నటి తీగలు తొందరగా తెగుతాయి, మళ్ళీ దొరకడం కష్టం. అందుకని రోజూ సాధన మామూలు తీగల మీద, మామూలు కాగితంతో చేసేవాళ్ళం. కచేరీకి నెలముందు తీగలూ మార్చి కాగితమూ మార్చేవాళ్ళం.

కలకత్తాలో ఒక సంగీత సంస్థ ఉంది, పేరు రాయను. అక్కడ రెండు ఖాళీలు పడ్డాయి. సోలోలు కూడా ఇచ్చే బేస్ వాద్యకారుడొకరు, వాళ్ళ సోలో కళాకారులందరికీ పక్కన పియానో వాయించేవాళ్ళొకరు. అన్నాచెల్లెళ్ళిద్దర్నీ కలిపే పరీక్షకి పిలిచారు. మా అమ్మ వీధి వీధంతటి చేతా ప్రార్థన చేయించింది. నాకన్నా సువార్తకే ఆ ఉద్యోగం ఎక్కువ అవసరం. నాకు అది దొరక్కపోయినా రైల్వేలో ఏదో ఒకటి దొరికేది. తనకి పియానో వాయించుకుంటూ బతికే దారి దేశంలో ఇంకెక్కడా లేదు. నాన్న కూడా, అది వస్తే పెళ్ళి మాట తర్వాత చూద్దాంలే అన్నాడు. తను ఆర్నెల్లు అదే కలవరించింది.

ముందురోజు సాయంత్రం సువార్త తన సంచీ సర్దుకుంది. పై శ్రుతి కాగితం చూసి, అట్ట కింద అక్షరాలు వేలితో చదివి, లోపల పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. పొద్దున తను స్నానానికి వెళ్ళినప్పుడు నాకో అనుమానం వచ్చింది. రెండో భాగంలో నేను ఎన్ని గతులు, అంటే ఎన్ని తాళం చుట్లు, ఆగాలో చూసుకుందామని తన సంచీలోంచి ఆ కాగితం తీశాను. బల్ల మీద మామూలు శ్రుతి కాగితం కూడా ఉంది. లోకల్ బండికి వేళవుతోందని నాన్న కేకేశాడు. చేతికందింది సంచీలో పెట్టేశాను. రెండోది బేస్ గుడ్డతొడుగు జేబులో దోపాను. ఆ సంగతి సువార్తకి చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

బేస్ రైలు మామూలు పెట్టెలో పట్టదు కాబట్టి నేను సరుకు అమ్మేవాళ్ళ వెండర్ల పెట్టె ఎక్కాను, పాలవిరుగు ఛానా గంపల మధ్య. సువార్త ఆడవాళ్ళ పెట్టెలో కూర్చుంది. హౌరాలో దిగాక తన మొహం చూస్తే జ్వరం వచ్చినట్టుంది. "బయం కాదన్నియ్యా, సంతోసం" అంది.

నాలుగు గతులు

పియానో ఒక్కటే ముందు నాలుగు గతులు వాయించాలి, తర్వాత నేను రావాలి. తను మొదలుపెట్టింది. మొదటి గతిలోనే నాకు తెలిసిపోయింది. పియానో ఒక స్వరం కింద పలుకుతోంది. నా తీగలు పైన ఉన్నాయి. నాలుగు గతుల్లో నాలుగు తీగలు కిందికి దించడం ఎవరివల్లా కాదు. జీవితంలో మొదటిసారి వెనక్కి తిరిగి సువార్తకేసి చూశాను.

తనకీ తెలిసిపోయింది. మూడో గతిలో తన వేళ్ళు ఒక్కసారి తడబడ్డాయి. నాలుగో గతి చివర మొత్తాన్ని ఒక స్వరం పైకి ఎత్తేసింది. నేను గాలి పీల్చాను, తను వచ్చింది. అక్కడినుంచి మూడు భాగాలూ తను అలాగే వాయించింది. ఎదురుగా రాసి ఉన్నది ఒకటి, వేళ్ళు పలికించేది దానికి ఒక స్వరం పైన. చదువుతూ చదువుతూ ప్రతి అక్షరాన్నీ దాని పక్క అక్షరంగా మార్చి, తప్పు లేకుండా, ఆగకుండా పలకాలి. నెలరోజులు పై శ్రుతిలో వాయించిన చేతులే అయినా, కళ్ళు అడ్డం పడుతుంటే చేతుల్ని నమ్మడం మాటలు కాదు. నా వృత్తిలో అంతకుమించిన పని నేను ఎక్కడా చూడలేదు. పెద్ద పెద్ద వాళ్ళ పక్కన నిలబడి చెబుతున్నాను ఈ మాట.

అయిపోయాక బేస్‌ని తొడుగులో పెడుతుంటే జేబులో కాగితం చేతికి తగిలింది. తీసి చూశాను. పై శ్రుతిది. అప్పుడు అర్థమైంది ఏం చేశానో. మళ్ళీ లోపలికి తోసేశాను.

సంస్థ డైరెక్టరు బరుణ్‌బాబు నన్నొక్కణ్ణీ గదిలోకి పిలిచాడు. పని తెలిసిన మనిషి, కానీ తొందరపాటు మనిషి. ఒక్కసారి విని మనిషి మీద ముద్ర వేసేసేవాడు. "నువ్వు వచ్చే నెల నుంచి రా. ఆ అమ్మాయి చెయ్యి మంచిదే, కానీ మొదట్లోనే తడబడింది. అక్కడ ఏం జరిగింది?" అని అడిగాడు.

అడిగాడు. అది మరిచిపోకండి. అడగకపోతే నేను చెప్పలేదని సర్దుకునేవాణ్ణి.

"కంగారు పడినట్టుంది సార్" అన్నాను.

పరీక్షకి కాగితం సరిగ్గా తెచ్చుకోలేనివాడికి ఉద్యోగం ఇస్తాడా అన్న భయం. అంతే. దానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతికాను ఇన్నేళ్ళూ, దొరకలేదు. ఆయన తల ఊపి, "వేదిక మీద కంగారు పడేవాళ్ళు పక్కన కూర్చోవడానికి పనికిరారు" అని ఏదో రాసుకున్నాడు.

సువార్త బయట బెంచీ మీద టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకేటన్నారు?" అని అడిగింది. ఇప్పటికి ఒక్కరే కావాలన్నారని చెప్పాను. కాసేపు డబ్బా మూత గోటితో గీకింది. "నాన్నకి నువ్వే సెప్పు అన్నియ్యా. నాను సెప్పలేను" అంది. తిరుగు బండిలో తన పెట్టె వేరు, నా పెట్టె వేరు. ఆ రోజు అలా వేరుగా కూర్చోవడం నాకు హాయిగా అనిపించింది, అదీ రాసేస్తున్నాను.

తర్వాతి ఉద్యోగం

మిగతా ఏళ్ళు కలకత్తాలో గడిచాయి. సోలో కళాకారుడంటే మీరేమనుకుంటున్నారో గాని, ఏడాదిలో ముప్పాతిక వంతు వెనక వరసలో నిలబడడమే. ముందుకి రమ్మన్న రోజు వేళ్ళు బిర్రుగా ఉంటాయి. నడుము పోతుంది. భుజం పోతుంది. హాలుకి ముందే వెళ్ళి ఆఖరి వరసలో ఎవర్నైనా కూర్చోబెట్టి వినిపిస్తోందా అని అడగాలి. పియానో మూత ఎంత తెరవాలో మీరే చెప్పాలి, మొహమాటపడకూడదు.

సంస్థవాళ్ళు నాకిచ్చిన పియానిస్టు గట్టివాడు. ఒక్క స్వరం తప్పేవాడు కాదు, నన్ను ఒక్కసారీ వినేవాడు కాదు. అతని పక్కన వాయించిన మొదటి కచేరీ తర్వాత ఒక పెద్దావిడ వచ్చి, "దాదా, మీ చెయ్యి కదలడం కనిపించింది, బాగుంది" అంది. కనిపించిందే గాని వినిపించలేదన్నమాట. ఇంటికొచ్చి ఏడ్చాను. ఎవరికోసం ఏడుస్తున్నానో నాకు తెలుసు. ఎదురుగా వెళ్ళి చెప్పే దమ్ము లేదు.

సువార్త ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయింది. నిమ్‌పురా షెడ్డులో పనిచేసే మంచి మనిషిని చేసుకుంది. స్కూల్లో సంగీతం చెప్పింది, ఇంట్లో పియానో చెప్పింది, ఆదివారాలు చర్చిలో వాయించింది. వేదిక మీదికి మాత్రం మళ్ళీ ఎక్కలేదు. ఎవరు పిలిచినా "నాకు స్టేజీ వద్దు" అనేది. ఇంటిపని, పిల్లలు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. ఇంకో మాట కూడా అనుకునేవాణ్ణి, కాగితం నేనే మార్చానని తనకి తెలిసే ఉంటుంది, క్షమించేసి ఉంటుంది అని. పండగలకి వెళితే చేపల పులుసు వండిపెట్టేది, నవ్వుతూ మాట్లాడేది. క్షమించకపోతే పులుసు వండుతుందా అని నా లెక్క.

బరుణ్‌బాబు ముసలితనంలో మంచం పట్టాక చూడ్డానికి వెళ్ళాను. ధైర్యం కూడగట్టుకుని జరిగింది మొత్తం చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. "ఏ అమ్మాయి?" అన్నాడు. నేను ఇన్నేళ్ళు భయపడ్డ మాట ఆయన బుర్రలో లేనేలేదు. టీ తాగి వచ్చేశాను.

మూడుసార్లు చూసుకోండి

రిటైరై ఖరగ్‌పూర్ వచ్చి ట్రాఫిక్ కాలనీ దగ్గరే అద్దెకుంటున్నాను. పోయిన ఏడు చర్చిలో సంగీతం నేర్చుకునేవాళ్ళతో మాట్లాడమన్నారు. నాకన్నా ముందు ఒకావిడ మాట్లాడింది. సువార్త దగ్గర చదువుకుని, ఇప్పుడు తనే సంగీతం టీచరుగా ఉంది. ఆవిడ చెప్పింది ఇది.

"మా టీచరుగారు ప్రతి బ్యాచికీ మొదటి క్లాసులో ఒకటే కథ సెప్పేవారండి. వయసులో ఉన్నప్పుడు కలకత్తాలో తప్పు కాయితం అట్టుకెళ్ళి, సొంత అన్నగారి బతుకు పాడుసేయబోయినాను, నా అజాగర్త వల్ల నా బతుకు ఎలాగూ పోయినాది, అందుకే కాయితం మూడుసార్లు సూసుకోండర్రా అని. మేం ఇప్పటికీ మూడుసార్లు సూసుకుంటామండి."

అందరూ నాకేసి చూసి నవ్వారు. నేను లేచి ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

తిన్నగా సువార్త ఇంటికెళ్ళాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. కీళ్ళవాతంతో తన వేళ్ళు వంకర్లు పోయాయి, ఒక్కో కాయ తుంపడానికి రెండు చేతులూ పడుతున్నాయి. నిలబడే మొత్తం చెప్పాను. సంచీలోంచి నేను తీయడం, తప్పుది పెట్టడం, జేబులో సరైనది దొరకడం. చెబుతున్నంతసేపూ తను చేతులు ఆపి వింది.

"ఆ సాయంత్రం నాను సరిగ్గానే సూసినానా?" అంది.

"సరిగ్గానే చూశావు. అట్ట కింద వేలు పెట్టి చదివావు. నేను పక్కనే ఉన్నాను."

"నాకూ అలగే గురుతు. గాని కాయితం ఏరేది ఉంటే నా గురుతే తప్పనుకున్నాను." మళ్ళీ ఒక కాయ అందుకుని, "ఆ పెద్దాయన నిన్ను లోపలికి పిలిసినాడు గదా. ఏటి జరిగిందని అడగలేదేటి?" అంది.

"అడిగాడు."

"నువ్వేటన్నావు?"

ఇక్కడ కూడా అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. "కంగారు పడినట్టుంది అన్నాను" అని చెప్పాను.

సువార్త చేతిలో ఉన్న కాయ చేటలో పడేసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి నా మొహం ముందు పెట్టింది.

"ఎన్ని సోట్ల పిలిసినారు అన్నియ్యా నన్ను. స్టేజీ పేరు సెప్తే సాలు, ఒల్లంతా సెమట్లు పట్టేసీది. నా కల్లు నాను నమ్మలేనని ఎల్లలేదు. బయపడక్కర్లేదని ఇప్పుడు సెప్తన్నావు, ఈ సేతులతోటి ఏటి సేసుకోమంటావు దాన్ని?"

  తను చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, లేచి లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. నేను మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చేశాను.

అది జరిగి ఏడు నెలలు. ఆదివారాలు చర్చిలో కనిపిస్తుంది. వాళ్ళాయన పలకరిస్తాడు, తను పలకరించదు. పలకరించమని అడిగే హక్కు నాకు లేదు. చేపల పులుసు వండిపెట్టిన అన్నేళ్ళూ తను నన్ను క్షమించినట్టు కాదని, నన్ను క్షమాపణ అడుగుతున్నట్టని ఇప్పుడు తెలిసింది. 

వృత్తిలోకి వచ్చేవాళ్ళకి సలహాలు చెప్పమన్నారు. తప్పులు అందరూ చేస్తారు, చేసినరోజే చెబితే ఒకపూట తిట్లతో పోతుంది. నేను చెప్పనందుకు నా ఉద్యోగం నాకు దక్కింది. ఆ ఖర్చు ఇంకొకరి చేత పెట్టించాను.

ఇక మిగిలింది సువార్త టీచరు దగ్గర చదువుకున్నవాళ్ళకి. మీరు ఖరగ్‌పూర్‌లో ఉన్నా, ఇంకెక్కడున్నా, ఆవిడ మీకు చెప్పిన ఆ మొదటి క్లాసు కథ మీ పిల్లలకీ మీ శిష్యులకీ చెబుతూ ఉంటారు. ఇకనుంచి దాన్ని సరిగ్గా చెప్పండి. ఆవిడ కాగితం సరిగ్గానే చూసుకుంది. సంచీలో దాన్ని మార్చింది నేను. తప్పు కాగితం ఎదురుగా ఉన్నా ఒక్క స్వరం పోనివ్వకుండా నన్ను ఒడ్డుకి చేర్చింది ఆవిడ. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. ఇసాకు, సువార్త అన్న.